భోజనాల బంతిలో గుంట

ఆ ఏడాది కార్తీకంలో నేను బెంగుళూరు నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మా నాన్నా మాట్లాడుకోవడం లేదు. ఇంట్లో మాటలే లేవని కాదు, ఉన్న మాటలన్నీ నా మీదుగా వెళ్ళేవి. "కూర సల్లారిపోతంది, తినమని మీ నాన్నకి సెప్పు" అనేది అమ్మ. నాన్న నా పక్కనే పీట మీద కూర్చుని ఉండేవాడు. "ఆకలి లేదని మీ అమ్మకి సెప్పు" అనేవాడు, ఆ మాట అంటూనే అన్నం కలుపుకునేవాడు. రైల్లో ఒళ్ళు హూనం చేసుకుని, దుర్గ్ స్టేషన్లో దిగి, ఆటోలో మిగిలిన ఎముకలు కూడా కదిలించుకుని ఖుర్సీపార్ చేరిన నాకు, కాళ్ళు కడుక్కోకముందే ఈ తపాలా పని అప్పజెప్పారు.

గొడవ నాన్న రిటైర్మెంటు గురించి. ఆయన ఇక్కడి స్టీలు ప్లాంటులో, బొగ్గుని మాడ్చి కోక్ చేసే ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. ఆ వేడికి కనుబొమలు ఎప్పుడూ సగమే ఉండేవి. వచ్చే వేసవికి ఉద్యోగం అయిపోతుంది, ప్లాంటు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చేసి ఎక్కడికి పోవాలి? టెక్కలి దగ్గర మా ఊరికి పోదామని నాన్న. వైశాలి నగర్లో చిన్న స్థలం చూశాను, రెండు గదులు వేసుకుని ఇక్కడే ఉండిపోదామని అమ్మ. నాన్న వాదన ఒకటే ముక్క: "మనూరు మనూరే." అమ్మ వాదన చాలా పెద్దది. అందులో పాలవాడు ఉన్నాడు, కూరగాయల దీదీ ఉంది, నడిచి వెళ్ళగలిగే ఆసుపత్రి ఉంది, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడతో కలిసి ప్రతి చలికాలం పెట్టే గుమ్మడి వడియాలు ఉన్నాయి. ఎంత పెద్ద వాదనైనా మా ఇంట్లో నెగ్గేది ఆ ఒక్క ముక్కే.

నాకు మాత్రం వాళ్ళు ఇక్కడే ఉండాలని ఉండేది. చాలా గట్టిగా ఉండేది. మా ఊరంటే నాకు పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చే చోటు. అక్కడ నా తెలుగు విని పిల్లలు గోడ చాటుకి వెళ్ళి నవ్వేవారు. నేను పుట్టింది ఇక్కడ, సైకిల్ నేర్చుకుంది ఇక్కడ, మోకాళ్ళు చీరుకుంది ఇక్కడ. రాత్రిళ్ళు ప్లాంటులో స్లాగ్, అంటే కరిగిన ఇనప చిట్టెం, పారబోస్తే ఆకాశం ఎర్రబడుతుంది, డాబా మీద ఆ ఎరుపు చూస్తూ పరీక్షలకి చదివినదాన్ని. కానీ ఇల్లు వదిలి వెళ్ళిపోయినదాన్ని, వాళ్ళు ఎక్కడుండాలో చెప్పడానికి నేనెవర్ని? అందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతనైన విద్య కాదు. కడుపుబ్బరంగా ఉండేది.

బెంగుళూరులో నేను చేసే పని ఏమిటో ఇక్కడే చెప్పెయ్యాలి. గాజులాంటి పదార్థంలో కొంచెం రంగు కలిపి, దాన్ని ద్రవ హీలియం చలిలో పెట్టి, లేజర్ వెలుగుతో ఆ రంగులో సన్నటి గుంట చేసేవాళ్ళం. కంటికి కనిపించే గుంట కాదు. ఆ గాజు ఏ రంగు వెలుగును ఎంత తాగుతుందో కాగితం మీద గీస్తే ఒక కొండలా వస్తుంది. లేజర్ తగిలిన చోట ఆ కొండకి చిన్న గుంట పడుతుంది. అంతే. దీనికోసం ఒక పిల్ల ఇంటికి అంత దూరంగా ఏళ్ళ తరబడి కూర్చుందంటే ఎవరు నమ్ముతారు? వచ్చినప్పుడల్లా అమ్మ "అక్కడ నువ్వు సేసేదేటే?" అని అడిగేది. "ఫిజిక్స్ అమ్మా" అనేదాన్ని. ఆ ఒక్క మాట పట్టుకుని ఇరుగుపొరుగుకి ఎంతని చెబుతుంది పాపం. పిజిక్సు అని చెప్పి కొంగు సర్దుకునేది.

ఖుర్సీపార్లో మావాళ్ళందరికీ ఒక సంఘం ఉండేది. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్ళు. దానికి సెక్రటరీ మా నాన్న, మైకు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. ఏటా కార్తీకంలో శివనాథ్ నది ఒడ్డున వనభోజనాలు పెట్టేవారు. ఉసిరి చెట్టు కింద తినాలి కదా, ఆ ఒడ్డున ఉసిరి చెట్టు లేదు. అందుకని ఎవరింట్లోనో రంగు డబ్బాలో పెంచిన ఉసిరి మొక్కని స్కూటర్ మీద తెచ్చి మధ్యలో పెట్టేవారు. దాని నీడ ఒక చీమకి చాలదు, అయినా పుణ్యానికి లోటు రాలేదు.

ఆ వనభోజనాలకి రెండు ఆచారాలు ఉండేవి, రెండూ నాన్న పెట్టినవే. మొదటిది ఊళ్ళవారీ బంతి. ఒకప్పుడు బొబ్బిలి వాళ్ళకి బూరెలు అందక పెద్ద రభస జరిగిందట. అప్పట్నించి మొదటి బంతికి ఏడాదికో ఊరివాళ్ళని పిలిచేవారు. నాన్న మైకులో "ఫలానా వాళ్ళు లేవండి" అనగానే ఆ ఊరివాళ్ళు లేచి విస్తళ్ళ దగ్గరికి వెళ్ళాలి, మిగతావాళ్ళు జంపఖానాల మీదే కూర్చోవాలి. రెండోది పిల్లల మాట. భోజనానికి ముందు, బయట చదువుకుంటున్న పిల్లల్లో ఒకరు తమ చదువు గురించి అచ్చంగా తెలుగులో చెప్పాలి. మధ్యలో హిందీ దొర్లిందా, జనం చప్పట్లు మొదలుపెడతారు. మాట్లాడేవాళ్ళు తేరుకుని తెలుగులోకి వస్తే ఆపుతారు, లేకపోతే కూర్చోబెట్టేదాకా కొడుతూనే ఉంటారు. ఇక్కడ పుట్టిన పిల్లలం, కలలు కూడా హిందీలోనే కనేవాళ్ళం. ఆ మైకు దగ్గర చివరిదాకా నిలబడ్డవాళ్ళు లేరు. కిందటేడు ఒకబ్బాయి "నమస్కారం, మై" అని కూర్చున్నాడు.

ఆ ఏడు నాన్న నన్ను అడక్కుండా నా పేరు ఇచ్చేశాడు. "నేను చెప్పను" అన్నాను. "సెప్తాదని అందరికీ సెప్పేసేను" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "నాకు సెప్పలేంది ఊరందరికీ ఏటి సెప్తాదో అడుగు మీ నాన్నని" అంది. ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. సరే, చెబుతాను అన్నాను.

వనభోజనాల రోజు పొద్దున్న చలి బాగా ఉంది. ముసలివాళ్ళు మఫ్లర్లు, ఆడవాళ్ళు చీరల మీద స్వెటర్లు. నది మీద పొగమంచు ఇంకా పోలేదు. ఒక పక్క ఇటుకల పొయ్యిల మీద గుండిగలు, ఇంకో పక్క జంపఖానాలు, మధ్యలో తాడు కట్టి ఉంది. వంటాయన ఖుర్సీపార్లో పెళ్ళిళ్ళకి వండే మనిషి. భారీ విగ్రహం, అంతకన్నా భారీ గొంతు. అరటికాయ ఆవ పెట్టిన కూర వాసన గాలిలో వస్తుంటే జనానికి నా ఫిజిక్స్ మీద ఎంత ధ్యాస ఉంటుందో నాకు తెలిసిపోయింది.

నాన్న మైకు ఊది, నా చేతికిచ్చాడు. అమ్మ ముందు వరసలోనే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో పురాణం వినేటప్పుడు కూర్చున్నట్టు.

"నేను గాజు గురించి చెబుతాను" అని మొదలుపెట్టాను. "గాజు రాయిలాగే గట్టిగా ఉంటుంది, కానీ లోపల వరస లేదు. ఉప్పురాయిలో అణువులు బళ్ళో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా వరసగా ఉంటాయి. గాజులో అలా కాదు. ఇప్పుడు మీరందరూ ఈ జంపఖానాల మీద ఎలా కూర్చున్నారో అలా ఉంటాయి." నవ్వారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. "అందులో రంగు అణువులు కలుపుతాం. అన్నీ ఒక్క రకమే. కానీ ఒకదానికి పక్కన ఇరుకు, ఇంకోదానికి పక్కన ఖాళీ. ఇరుగుపొరుగుని బట్టి ఏ రంగు వెలుగు నచ్చుతుందనేది ఒక్కోదానికి కొంచెం కొంచెం తేడాగా ఉంటుంది. మనం అందరం ఒక్క వైపు వాళ్ళమే. కానీ ఆవ పెట్టిన కూరలో ఎంత ఆవ పడాలంటే ఊరికో మాట చెబుతాం కదా, అలాగ."

ఆవ మాట ఎత్తడం పొరపాటయింది. సాలూరు వాళ్ళూ చీపురుపల్లి వాళ్ళూ అక్కడికక్కడే ఆవ గురించి చర్చ మొదలెట్టారు. నాన్న "ఇనండి, ఇనండి" అన్నాడు.

"లేజర్ అంటే ఒకే ఒక్క రంగు వెలుగు. చాలా పత్లా" అన్నాను. రైల్ మిల్లులో పనిచేసే ఒక బాబాయి, నాన్న స్నేహితుడు, చప్పట్లు మొదలుపెట్టాడు. "సన్నటిది, సన్నటిది" అని సర్దుకున్నాను. చప్పట్లు ఆగాయి. "ఆ వెలుగు ఏ అణువులకి నచ్చుతుందో అవే దాన్ని తాగి, లేచి, పక్కకి దొర్లుతాయి. మిగతావి కదలవు. లేచినవాటి చోట గుంట పడుతుంది. అంత చలిలో అవి వెనక్కి రాలేవు. ఎందుకంటే మధ్యలో ఒక..." ఆ మాట రాలేదు. నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. రోజూ నేను కొలిచేది దాన్నే, నా చదువంతా దాని ఎత్తు గురించే. "మధ్యలో ఒక దీవార్ ఉంటుంది" అన్నాను.

ఇంకేముంది, చప్పట్లు వానలా కురిశాయి. పిల్లలకైతే పండగే. బాబాయి నిలబడి మరీ కొడుతున్నాడు. గోడ అన్న మాట అప్పుడు వచ్చింది, "గోడ, గోడ" అన్నాను గానీ ఎవరికి వినబడుతుంది. అమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆవిడ నా మొహంకేసే చూస్తోంది, ఆ గోడ అవతల ఏముందో చెబుతానేమోనని. నాకు ఒళ్ళు మండిపోయింది. మాటలతో అయ్యే పని కాదని తెలిసిపోయింది, మనుషులతోనే చేసి చూపిద్దామనిపించింది. మైకు నోటికి ఆనించుకుని గట్టిగా అన్నాను.

"పలాస వాళ్ళు లేవండి. లేచి ఆ తాడు అవతలికి వెళ్ళండి."

చప్పట్లు ఆగిపోయాయి. పలాస వాళ్ళు లేచారు. అబ్బ, ఎంత బాగా లేచారో. అక్కడక్కడా, నేను అనుకున్నట్టే, జంపఖానాల మీద ఖాళీలు పడ్డాయి. "చూశారా, అదీ గుంట" అని నేను అనబోతుండగా, లేచినవాళ్ళు మంచినీళ్ళ గ్లాసులు కూడా తీసుకుని వెళ్ళడం కనబడింది. తాడు అవతల వంటాయన మనుషులు అప్పుడే విస్తళ్ళు పరవడం మొదలుపెట్టారని నేను చూసుకోలేదు. మైకులో ఊరి పేరు చెప్పి లేవండి అంటే ఆ జనానికి ఒకటే అర్థం.

"పలాసోళ్ళకి కిందటేడే మొదటి బంతి అయిపోనాది" అని నరసన్నపేట పెద్దాయన ఒకాయన లేచాడు. ఆయన వెనకాల నరసన్నపేట మొత్తం లేచింది. నరసన్నపేట లేచాక పార్వతీపురం ఎందుకు కూర్చుంటుంది? నాన్న నా చేతిలోంచి మైకు లాక్కుని, "ఆగండి, కూకోండి. ఇది భోజనం కాదు, సైన్సు" అన్నాడు. భోజనం కాదన్న మాట చెవిన పడగానే మిగిలినవాళ్ళలో కూడా చాలామంది లేచిపోయారు, అమ్మా ఆవిడ చుట్టుపక్కల కొందరూ మాత్రం జంపఖానాల మీదే ఉండిపోయారు.

మా ప్రయోగశాలలో కూడా ఇలా అవుతుంది. లేజర్‌ని అవసరానికి మించి ఉంచితే, లేవవలసిన అణువులతో పాటు పక్కరంగు అణువులు కూడా లేచిపోయి గుంట వెడల్పయిపోతుంది. అలాంటి కొలతని మేం పక్కన పారేసేవాళ్ళం. ఇక్కడ పారెయ్యడానికి లేదు, లేచినవాళ్ళందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వంటాయన రెండు చేతులూ చాపి, "పులిహోర ఇంకా కలపనేదు. ఎవరు పిలిసేరు మిమ్మల్ని?" అని అరుస్తున్నాడు. అందరూ నాకేసి చూపించారు.

తర్వాత జరిగినది నా జీవితంలో నేను చూసిన అన్ని ప్రయోగాల్లోకీ అందమైనది. ఆ ఏడు మొదటి బంతి నిజానికి సాలూరు వాళ్ళది. మిగతావాళ్ళని జంపఖానాల మీదికి వెనక్కి పంపాలి. నాన్న మైకులో బతిమాలాడు. మొహమాటస్థులు కొందరు నవ్వుకుంటూ లేచి వెనక్కి వచ్చేశారు. మిగతావాళ్ళు కదల్లేదు. నాన్న గొంతు పెంచి, సంఘం పరువు సంగతి ఎత్తాడు. ఇంకొందరు వచ్చారు. అప్పుడు వంటాయన గరిటె పట్టుకుని వరసల మధ్యకి వచ్చి, ఎవరు లేవకపోతే వాళ్ళ విస్తట్లో బూరె పడదన్నాడు. దాంతో చాలామంది లేచారు. నరసన్నపేట పెద్దాయన మాత్రం ఏం చేసినా లేవలేదు. ఆయన్ని అలాగే వదిలేశారు. సాలూరు వాళ్ళ మధ్య ఆయన కూర్చుని మొదటి బంతిలో తిన్నాడు, ఇప్పటికీ నాకు ఆయనంటే గౌరవం.

నేను తాడు దగ్గర నిలబడి పకపకా నవ్వుతున్నాను. మేం కూడా అంతే కదా చేసేది. గుంట చేశాక గాజుని కొంచెం వెచ్చబరుస్తాం, చిన్న గోడల అవతల ఉన్నవి తిరిగొస్తాయి. ఇంకొంచెం వెచ్చబరుస్తాం, పెద్ద గోడల అవతలవి వస్తాయి. ఎంత వెచ్చదనానికి ఎన్ని వచ్చాయో చూసి గోడల ఎత్తులు లెక్కగడతాం. కొన్ని ఎంతకీ రావు. నేను అద్దాల వెనక చీకట్లో కూర్చుని గీతల్లో చూసేది, మావాళ్ళు ఎండలో స్వెటర్లు వేసుకుని చేసి చూపించారు.

నవ్వుతున్న నన్ను చూసి వంటాయనకి కోపం వచ్చింది. ముద్దపప్పు బకెట్ తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే పిలిసేవు గదా, నువ్వే ఒడ్డించు" అన్నాడు. చున్నీ నడుముకి బిగించి వడ్డనకి దిగాను.

మొదటి వరసలో చప్పట్ల బాబాయి. ఆయనది సాలూరే. పప్పు వెయ్యగానే, "ఇంతకీ ఆ లేచినోళ్ళు ఎనక్కి ఎందుకు రారమ్మా?" అన్నాడు. వంగి చెప్పడం మొదలుపెట్టాను. దీవార్ అన్నాను, ఠండ్ అన్నాను, ఏది నోటికొస్తే అది అన్నాను. ఆయన చెయ్యి అన్నంలో ఉంది. వరసలో అందరి చేతులూ అన్నంలోనే ఉన్నాయి. చప్పట్లు కొట్టే వీలు ఒక్కరికీ లేదు. ఆ సంగతి తెలిశాక నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. విస్తరి విస్తరికీ ఆగి, గరిటెతో పప్పు వేస్తూ చెప్పాను. ఒక వరసలో గాజు, ఒక వరసలో రంగు, ఒక వరసలో చలి. "అయితే ఆ పెద్దాయనది శానా ఎత్తు గోడన్నమాట" అంది ఒక పిన్ని, నరసన్నపేట పెద్దాయన్ని చూపించి. అవునన్నాను. ఆయన కూడా అవునన్నట్టు తలూపి నెయ్యి అడిగాడు.

చివరి బంతిలో పనిచేసినవాళ్ళూ సంఘం వాళ్ళూ కూర్చున్నారు. కొద్దిమందే, అందుకని ఎదురెదురుగా రెండే వరసలు. నాన్న ఒక వరసలో, అమ్మ ఇంకో వరసలో. ఒకరికొకరు ఎదురుగా పడ్డా, చూపులు విస్తళ్ళు దాటి పైకి లేవలేదు. ఎండ బాగా ఎక్కింది. నా చేతులు లాగేస్తున్నాయి. కానీ వడ్డన మొదలెట్టినప్పటి సంతోషం ఇంకా తగ్గలేదు.

అమ్మకి పప్పు వేశాను. ఆవిడ అన్నం కలపకుండా, "నేను అక్కడే కూకున్నాను గదా, అంతా సూసేను" అంది. "లేసి ఎల్లినోళ్ళు కొందరు ఎనక్కొచ్చేరు. గానీ వొచ్చినోళ్ళు ఎవరూ పాత సోటున కూకోలేదు. ఆళ్ళు లేవగానే పక్కోళ్ళు కాళ్ళు సాపేసుకున్నారు. మా పక్కన కూకున్న పలాస పిన్ని ఎనక్కొచ్చి సూసుకుని, సోటు లేక తాడు కట్టిన గుంజ కాడికి పోయి కూకుంది. మీ గాజులోన కూడా అంతేనేటే?"

బకెట్ కింద పెట్టేశాను. ఎందుకంటే అది నా పని. ఏడాదిగా నేను గుంటలు చేసి, వెచ్చబరిచి, మళ్ళీ చల్లబరిచి చూస్తున్నది సరిగ్గా అదే. తిరిగొచ్చిన అణువులు తమ పాత రంగు దగ్గరికే రావాలి కదా, రావు. కొంచెం అటో ఇటో వస్తాయి. అవి లేనప్పుడు చుట్టుపక్కలవి సర్దుకుని ఉంటాయి. గుంట పూడినా ముందున్న కొండ మళ్ళీ అచ్చంగా రాదు. మా గురువుగారు దాని గురించి చాలాసార్లు మాట్లాడారు గానీ, మా ఇంట్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడుగుతారని నేను కలలో కూడా అనుకోలేదు. అడిగింది మా అమ్మ. నాకు అక్కడే ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది, చేతులనిండా పప్పు.

"అంతే అమ్మా" అన్నాను. "వెనక్కి వస్తాయి. కానీ అవి లేనన్నాళ్ళూ పక్కవి ఊరుకోవు. జరిగి, సర్దుకుని, ఆ ఖాళీని నింపేసుకుంటాయి. వచ్చేసరికి ఊరు అదే, చోటు అదే కాదు. ఎంత జాగ్రత్తగా వెచ్చబరిచినా అంతే. నేనే కొలిచాను."

అమ్మ తల ఎత్తింది. నాకేసి కాదు, ఎదురు వరసకేసి చూసింది.

"ఏటండీ, ఇన్నారా?" అంది.

నేను అడ్డం పడ్డాను. "అమ్మా, అది అణువుల సంగతి. వాటికి అన్నదమ్ములు ఉండరు, పొలాలు ఉండవు. మనుషులకి అలా..."

"నువ్వూరుకో. ఆవ కూర ఎయ్యి మీ నాన్నకి" అంది అమ్మ.

కూర వేశాను. నాన్న దాన్ని అన్నంలో కలుపుతూ ఉండిపోయాడు. ఆవ ఘాటుకో మరెందుకో ముక్కు ఎగపీల్చాడు. మైకు లేకుండా ఆయన అంత నెమ్మదిగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"పోయినేడు మనూరు ఎల్లినపుడు, నా సాప ఎక్కడెయ్యాలో ఆళ్ళకి తోచనేదు" అన్నాడు. "మా తమ్ముడు మంచోడే. పడుకున్న పిల్లల్ని లేపి, అటు జరిపి, నాకు సోటు సేసేడు. ఆ పిల్లలు నన్ను సూసి ఎవరో అనుకున్నారు. నాకు సిగ్గేసింది. నిద్ర పట్టనేదు."

అమ్మ గెలిచానన్న మొహం పెట్టలేదు, అది పెట్టే అవకాశం వదులుకోవడం ఆవిడకి చిన్న విషయం కాదు. ఆయన కోసం పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, పప్పులో పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను. సంతోషంతో వచ్చిన నీళ్ళు అవి, దాచుకోవడానికి ఏమీ లేదు.

నాన్న ఆ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అమ్మనే అడిగాడు.

"ఆ వైశాలి నగర్ స్థలంలో వంటిల్లు ఆగ్నేయానికి వస్తాదేటి?"

"వస్తాది" అంది అమ్మ. "నేను సూసేను."